సత్యభామ లూపు, సందుచుక్కల అర్రే

మీకు తెలుసా? కంప్యూటర్ పుట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందే కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో ఒక లూపు నడిచింది! ఊళ్లో భాగవత కుటుంబాల దగ్గర నాట్య గురువు సిద్ధేంద్ర యోగి ఒక మాట తీసుకున్నారని చెబుతారు. ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల, మహంకాళి... ఇంటిపేర్ల జాబితా చేతిలో పట్టుకుని ఒక్కో గడపా ఎక్కుతూ పోవడమే. మీసాలు మొలిచాయన్నా మినహాయింపు లేదు!

విశేషాల్లోకి దూకే ముందు రెండే రెండు మాటలు. అర్రే అంటే వరుసగా నంబర్లు వేసిన గదులు. లూపు అంటే ఆ గదులన్నిటి తలుపూ తట్టి ఒకే పని చేయించే ఆజ్ఞ. వివరణ అయిపోయింది, పదండి!

మీకు తెలుసా? ‘ఒక్కసారైనా’ అన్న ఆ మాటకు ప్రోగ్రామింగ్‌లో ఒక ప్రత్యేకమైన లూపే ఉంది. దాని పేరు డూ-వైల్. మామూలు వైల్ లూపు షరతు చూసి పని మొదలుపెడుతుంది. డూ-వైల్ ముందు పని ఒకసారి చేసేసి, ఆ తర్వాత షరతు చూస్తుంది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సంగతే తీసుకోండి. నియమం అడిగింది ఒక్కసారే, ఆయన సత్యభామ మాత్రం దశాబ్దాల పాటు తిరిగింది. అంత అందమైన లూపును ఆపమనే షరతు ఎవరు రాస్తారు!

మీకు తెలుసా? ప్రవేశ దరువు కూడా లూపే. పాత్రలన్నీ అర్రేలో ఉంటాయి. సూత్రధారుడు ఒక్కొక్కరినే రప్పిస్తాడు, వచ్చిన పాత్ర తనెవరో పాడి ఆడి చెప్పుకుంటుంది. పని ఒకటే, మారేది పాత్ర మాత్రమే. ఆజ్ఞ ఒక్కసారి రాస్తే చాలు, పాత్రలు పది ఉన్నా వంద ఉన్నా సూత్రధారుడి గొంతు ఉన్నంతసేపు ఆట నడుస్తుంది!

ఇక అంకెల్లోకి వద్దాం. మీకు తెలుసా? నాట్యం నేర్చుకునే పిల్లల నాలుక మీద ఐదు గదుల అర్రే ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తకిట 3, తకధిమి 4, తకతకిట 5, తకిట తకధిమి 7, తకధిమి తకతకిట 9. తిస్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అన్నమాట. అందులో 6 లేదు, 8 లేదు. వెతికి చూడండి!

మీకు తెలుసా? ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక అని తాళాలు 7. వాటిని ఐదు జాతులతో కలిపితే 35. ఆ 35ను మళ్లీ ఐదు గతులతో కలిపితే 175! లూపులో లూపు, దాని లోపల ఇంకో లూపు. ప్రోగ్రాం రాస్తే మూడు వరుసల పని, నేర్చుకోవాలంటే మాత్రం ఒక జన్మ పని!

ఆ 35లో అతి పొట్టిది ఏదో మీకు తెలుసా? తిస్రజాతి ఏకతాళం, మొత్తం 3 అక్షరాలు. అతి పొడుగుది? సంకీర్ణజాతి ధ్రువ తాళం, 9+2+9+9, అంటే 29 అక్షరాలు. మనం రోజూ వినే ఆదితాళం చతురశ్రజాతి త్రిపుట, దాని లెక్క 8. పొట్టివాడికీ పొడుగువాడికీ తేడా దాదాపు పది రెట్లు, అయినా అందరూ ఒకే లూపు బిడ్డలే!

ఆగండి, 29తో ఆశ్చర్యపోతే ఎలా? మీకు తెలుసా, సింహనందన తాళం ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు! అంటే ఆదితాళం 16 సార్లు తిరిగి వచ్చేలోపు ఇది ఒక్క చుట్టు పూర్తి చేస్తుంది. ఇంకో వింత వినండి. కూచిపూడి సంప్రదాయంలోని సింహనందినిలో నర్తకి కింద పరిచిన రంగుపొడి మీద అడుగులు వేస్తూ పోతే ఆట ముగిసేసరికి నేల మీద సింహం బొమ్మ తేలుతుంది. లూపు లోపల తాళం, బయటికి వచ్చే ఫలితం సింహం. ఇంతకంటే గొప్ప ‘ప్రింట్’ ఆజ్ఞ నేనెక్కడా చూడలేదు!

మీకు తెలుసా? నాట్యంలో అడవు, అంటే అడుగుల కట్టు, నేర్పేటప్పుడు గురువు గారు దాన్ని మూడు కాలాల్లో వేయిస్తారు. ఆదితాళంలో మొదటి కాలానికి 8 అడుగులైతే రెండో కాలానికి 16, మూడో కాలానికి 32. మూడు ఆవర్తాలకు మొత్తం 56. అర్రే మారలేదు, తాళం మారలేదు, లోపలి లూపు మాత్రమే ప్రతిసారీ రెట్టింపు తిరిగింది. మారింది పిల్లల మోకాళ్ల పరిస్థితి!

ఈ 56 ఇంకోచోట కూడా దొరుకుతుంది, మీకు తెలుసా? 7 అక్షరాల తకిట తకధిమిని 8 అక్షరాల ఆదితాళంలో ఆపకుండా వేస్తూ పోండి. మొదటి చుట్టులో ఒకటి తేడా, రెండో చుట్టులో రెండు... రెండూ మళ్లీ సరిగ్గా సమం దగ్గర, అంటే తాళం మొదట్లో, కలిసేది 56 అక్షరాలు పూర్తయ్యాకే. ప్రోగ్రామర్లు దీన్ని శేషం గుర్తుతో పట్టుకుంటారు. 56ను 8తో భాగిస్తే శేషం సున్నా, సమం వచ్చేసింది! మృదంగం వాయించే ఆయన తల ఊపారంటే భాగహారం సరిపోయినట్టే!

సంగీతం పాఠాలకు వెళ్లిన వాళ్లు ఇప్పుడు చెవులు రిక్కించండి. సరిగమపదనిస అనేది 8 గదుల అర్రే అని మీకు తెలుసా? ఏకతాళ అలంకారం గుర్తుందా? సరిగమ, రిగమప, గమపద, మపదని, పదనిస. నాలుగు స్వరాల కిటికీ ఒకటి గది గదికీ జరుగుతూ పోయింది. 8లోంచి 4 తీసి 1 కలిపితే 5, అందుకే ఐదు ముక్కలు. ఆరో ముక్క పాడదామని చూస్తే పై స తర్వాత అర్రేలో గది లేదు. కంప్యూటర్ అయితే తప్పు చూపించి ఆగుతుంది, సంగీతం మాస్టారు అయితే కళ్లజోడు మీంచి చూస్తారు!

సనిదపమగరిస అంటే అదే లూపు వెనక్కి తిరగడం, ప్రతి అడుగుకీ ఒకటి తీసేయడం. ససరిరిగగమమ అనే జంట వరుస అంటే లోపల రెండు సార్లు తిరిగే ఇంకో లూపు. ఆరేళ్ల పాప ఉదయాన్నే పాడేసి బడికి వెళ్లిపోయింది. అదే విషయం ఇంజనీరింగ్ మొదటి ఏడాది మధ్యాహ్నం క్లాసులో మళ్లీ వస్తుంది!

మీకు తెలుసా? మేళకర్త రాగాలు 72 ఎందుకయ్యాయో? మధ్యమాలు రెండు, రి-గ జంటలు ఆరు, ద-ని జంటలు ఆరు. 2×6×6. అంతే! ఒకదానిలో ఒకటి పెట్టిన మూడు లూపులు. అటొకటి ఎక్కువ కాదు, ఇటొకటి తక్కువ కాదు.

ఇంకా ఉంది. రాగం పేరులోనే ఇండెక్స్ దాచారని మీకు తెలుసా? కటపయాది పద్ధతిలో మొదటి రెండు అక్షరాలకూ అంకెలు చూసి తిరగేయాలి. మాయామాళవగౌళ: మా 5, యా 1, తిరగేస్తే 15. ధీరశంకరాభరణం: ధీ 9, ర 2, తిరగేస్తే 29. మేచకల్యాణి: మే 5, చ 6, తిరగేస్తే 65. పేరు పిలిస్తే చాలు, గది నంబరు అదే చెప్పేస్తుంది. చిరునామా అడగనక్కర్లేని ఊరు ఇదొక్కటే!

ఆ 72 గదుల తలుపులూ తట్టిన పిల్లాడెవరో మీకు తెలుసా? విజయవాడలో పెరిగిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. పదిహేనేళ్ల వయసుకే 72 మేళకర్తల్లోనూ కృతులు కట్టేశారు. ఒకటి నుంచి 72 దాకా, మధ్యలో ఒక్క గదీ వదల్లేదు. లూపును మధ్యలో ఆపే బ్రేక్ ఆజ్ఞ అంటూ ఒకటుందని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదేమో!

ఇప్పుడొక తగువు. లెక్క ఒకటితో మొదలవ్వాలా, సున్నాతోనా? సి, జావా, పైథాన్ భాషల్లో అర్రే మొదటి గది నంబరు 0. మీకు తెలుసా, లెక్క సున్నాతోనే మొదలవ్వాలని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1982 ఆగస్టులో చేత్తో రాసిన పత్రం ఒకటి ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. కంప్యూటర్ శాస్త్రానికి పునాదులు వేసిన మనిషి, కలం పట్టి, సున్నా కోసం వాదించారు!

అటు పక్షం కూడా బలమైనదే. 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్‌ట్రాన్‌లో అర్రే ఒకటితో మొదలవుతుంది. అదే 1957లో మన విజయవాడలో ఏం పూర్తయిందో మీకు తెలుసా? ప్రకాశం బ్యారేజీ! దాని గేట్లు 70. నంబర్లు ఒకటి నుంచే. ఇద్దరూ ఒకే ఈడువాళ్లు, ఒకే పక్షం!

మధ్యేమార్గం కావాలా? పాత బేసిక్ భాషలో పది దాకా అర్రే అడిగితే చాలా కంప్యూటర్లు సున్నా నుంచి పది దాకా పదకొండు గదులు ఇచ్చేవి. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన దేశంలో బడులకు చేరిన బీబీసీ మైక్రోలదీ ఇదే తీరు. పది అడిగితే పదకొండు! కొసరు వేసే కంప్యూటర్ అంటే మనకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

మీకు తెలుసా? పైథాన్‌లో బ్యారేజీ గేట్ల జాబితా రాస్తే 70వ గేటు ఉండేది 69వ గదిలో. 70వ గది అడిగితే లేదు పొమ్మంటుంది. కానీ మైనస్ 1వ గది అడగండి, చివరి గేటు ఠక్కున వచ్చేస్తుంది! మైనస్ 70 అంటే మొదటి గేటు. కృష్ణమ్మను అవతలి ఒడ్డు నుంచి లెక్కపెట్టడమే ఇది!

రేంజ్(1, 70) అని రాసి 70 గేట్లూ ఎత్తేశామనుకుంటే అసలు సంగతి మీకు తెలుసా? ఎత్తింది 69 మాత్రమే! పైథాన్ రేంజ్ చివరి అంకెను ముట్టుకోదు, 71 అని రాయాలి. కొత్తగా నేర్చుకునే వాళ్లందరూ మొదటి వారంలోనే పడే గొయ్యి ఇది. కాగితం మీద ఒక్క అంకె, బ్యారేజీ మీద ఒక్క గేటు. చిన్న విషయం అని మాత్రం అనకండి!

అర్రే గొప్పతనం ఏమిటంటే నంబరు తెలిస్తే నేరుగా ఆ గదికే వెళ్లిపోవచ్చు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోటెత్తింది, అది రికార్డు. కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని 67, 69 నంబర్ల గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. మరమ్మతు వాళ్లు ఒకటో గేటు నుంచి వెతుక్కుంటూ రాలేదు. నంబరు చూశారు, వెళ్లారు. వరద నీటి మధ్యలో పని చేసిన ఆ చేతులకు దండం!

అర్రే హద్దు దాటితే ఏమవుతుందో మీకు తెలుసా? 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం అదే. నాలుగు అక్షరాలు పంపి, 64 కిలోబైట్లు పంపానని చెప్పి, తిరిగి ఇమ్మంటే సర్వర్ పక్క గదుల్లో ఉన్న రహస్యాలు కూడా ఊడ్చి ఇచ్చేసేది. లోకమంతా పాస్‌వర్డులు మార్చుకుంది. ఒక్క హద్దు తనిఖీ రాయనందుకు!

ఇక పద్యానికి వద్దాం, ఇక్కడ నా ఉత్సాహానికి హద్దు తనిఖీ పెట్టకండి. ‘యమాతారాజభానసలగం’ బడిలో వల్లె వేశారా? పది అక్షరాల అర్రే అది. మూడేసి అక్షరాల కిటికీ పెట్టి జరుపుకుంటూ వెళ్లండి. యమాతా అంటే య గణం, మాతారా అంటే మ గణం, తారాజ అంటే త గణం... చివరి సలగం అంటే స గణం. పదిలోంచి మూడు తీసి ఒకటి కలిపితే 8. ఎనిమిది గణాలూ ఒకే ఒక్క మాటలో! మరీ విచిత్రం ఏమిటంటే ఒక్క గణమూ రెండుసార్లు రాదు, ఒక్కటీ తప్పిపోదు. ఇది కట్టిన మహానుభావుడికి ఏ బహుమతి ఇచ్చినా తక్కువే!

మీకు తెలుసా? ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. ఒక్కోటి లఘువో గురువో కావచ్చు కాబట్టి 20 అక్షరాల పాదాలు మొత్తం 10,48,576 రకాలు. వాటిని ఛందస్సులోని ప్రస్తార క్రమంలో పేరిస్తే ఉత్పలమాల గది నంబరు 3,55,799! కావాలంటే రెండే రెండు విలువలతో 20 సార్లు తిరిగే లూపు రాసి చూసుకోండి. డైక్‌స్ట్రా గారి లెక్క ప్రకారం సున్నాతో మొదలుపెడితే 3,55,798. పద్యం మాత్రం అంతే తియ్యగా ఉంటుంది!

దాని చెల్లెలు చంపకమాల? 21 అక్షరాలు, 20,97,152 రకాలు, గది నంబరు 7,11,600. సరిగ్గా వందలతో ముగిసిన అంకె! మొదటి గురువును విడగొట్టి రెండు లఘువులు చేస్తే చాలు, ఉత్పలమాల ఇల్లు మారి ఇక్కడికి వచ్చేస్తుంది. పక్కింటికి కాదు, మూడున్నర లక్షల గదుల అవతలికి!

ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే హల్లు కావడం. మీకు తెలుసా, పైథాన్‌లో అది ఇండెక్స్ 1! ఉత్పలమాలలో యతి పదో అక్షరం, అంటే ఇండెక్స్ 9. శార్దూలంలో పదమూడో అక్షరం, ఇండెక్స్ 12. నాలుగు పాదాల మీద నాలుగు సార్లు తిరిగే లూపు రాస్తే పద్యాన్ని కంప్యూటరే పరీక్షించేస్తుంది. ‘ఛందం’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్ ఆ పని చేసి చూపిస్తోంది కూడా!

ఇప్పుడు అసలైన రాజు. అష్టావధానం! ప్రశ్నలు అడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. పద్యాలు అడిగిన వారికి అవధాని ఒక చుట్టులో ఒక పాదం చొప్పున చెబుతూ పోతారు. నాలుగు చుట్లకు పద్యం పూర్తి. బయటి లూపు 4, లోపలి లూపు పద్యాలు అడిగిన వారిది. మధ్యలో గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్క పెట్టుకోవాలి, అదే ఘంటాగణనం. ప్రోగ్రాంలో కౌంటర్ అంటే అచ్చంగా ఇదే. ఇంకో పెద్దమనిషి సంబంధం లేని ప్రశ్నలతో అడ్డు పడుతుంటారు. అప్రస్తుత ప్రసంగం! కంప్యూటర్ వాళ్లు ఇంటరప్ట్ అనేది దీన్నే. అడ్డం పడ్డవాడికి నవ్వుతూ జవాబిచ్చి, ఆగిన పాదం దగ్గరికే తిరిగి రావాలి!

ఎనిమిది చాలదా? శతావధానంలో పృచ్ఛకులు వంద. పద్యానికి నాలుగు పాదాలు, అంటే 400 పాదాలు, అవీ వరుసగా కాదు, ఒక్కో పద్యం నుంచి ఒక్కో పాదం. చివర్లో ధారణ. వంద పద్యాలూ వరుసగా అప్పజెప్పాలి! గరికిపాటి నరసింహారావు గారైతే 1,116 మంది పృచ్ఛకులతో మహా సహస్రావధానం చేశారు. పెన్‌డ్రైవ్ లేదు, కాగితం లేదు. మెమరీ అంతా మనిషి తలలోనే!

బందరు హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రి ఇద్దరూ తిరుపతి వెంకట కవులుగా జంటగా అవధానాలు చేశారని తెలుసు కదా? మరి ఇది ఆలోచించారా? రెండు ప్రాసెసర్లు, ఒకే అర్రే! ఇప్పటి ప్రోగ్రామర్లకు ఇద్దరి చేతా ఒకే అర్రే ముట్టించాలంటే చెమటలు పడతాయి. ఆ జంటకు పట్టలేదు!

ఒక చిన్న పరీక్ష. ‘కూచిపూడి’ అనే మాట మీద పైథాన్ లూపు తిప్పితే ఎన్ని ముక్కలు వస్తాయో మీకు తెలుసా? నాలుగు అన్నారా? తప్పు, ఎనిమిది! క, దాని దీర్ఘం గుర్తు, చ, దాని గుడి... హల్లు ఒక గది, గుణింతం గుర్తు ఇంకో గది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు గదులు! తెలుగు మాటను లూపుతో తిరగేసి రాయమని అడిగారో, గుడి ఒకరిదీ గోపురం ఇంకొకరిదీ అయిపోతుంది!

యూనికోడ్‌లో క సంఖ్య 3093, హ సంఖ్య 3129. వరుసగా లూపు తిప్పండి. న వరకు బాగానే వస్తుంది, 3112. ఆ తర్వాత? 3113 ఖాళీ! ప ఉన్నది 3114లో. తమిళంలో ఉన్న ఇంకో న కోసం భారతీయ లిపులన్నిటి పట్టికలోనూ ఉంచిన గది అది. మన వీధిలో తాళం వేసిన ఇల్లు!

2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం లోకాన్ని వణికించిందని మీకు తెలుసా? ‘జ్ఞా’! ప్రత్యేకంగా కూర్చిన ఆ అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. సరిచేయడానికి ఆపిల్ వాళ్లు 11.2.6 అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది. జ్ఞానానికి ఎంత శక్తి ఉందో చూశారా!

సంక్రాంతి ముగ్గుల కింద ఏం రాస్తారు? ‘15 చుక్కలు, 8 వచ్చేవరకు, సందుచుక్క.’ మొదలు, ముగింపు, ఒక్కో వరుసకు ఒకటి తగ్గింపు. ఫర్ లూపుకు కావలసిన మూడు ముక్కలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మొత్తం చుక్కలెన్నో మీకు తెలుసా? 169! మధ్యలో 15, రెండు వైపులా 14 నుంచి 8 దాకా, వైపుకు 77. ఒక్క చుక్క తప్పితే గీత కలవదు, అది మా అమ్మమ్మల ఎర్రర్ మెసేజ్!

ఈ ముగ్గు మీద కంప్యూటర్ శాస్త్రవేత్తలు కూర్చుని పరిశోధన చేశారని మీకు తెలుసా? 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ, కమలా కృతివాసన్ ముగ్గుల మీద ఒక పత్రం ప్రచురించారు. దాని పేరులో ముందు అర్రే, తర్వాత కోలం, అంటే తమిళంలో ముగ్గు! పేడ కళ్లాపి మీద ఉన్నది పరిశోధన పత్రిక దాకా వెళ్లింది, చెరిగిపోకుండా!

చదరంగం గళ్లు 64. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత రెట్టింపు చేస్తూ పోండి. మొత్తం 18,446,744,073,709,551,615. ఇరవై అంకెలు! మీకు తెలుసా, 64 బిట్ల కంప్యూటర్ గది పట్టగల అతి పెద్ద సంఖ్య కూడా సరిగ్గా ఇదే. ఇంకొక్క గింజ వేశారో, మొత్తం సున్నా అయిపోతుంది! ఈ ఇరవై అంకెలనూ బాణాలంటే 5, చంద్రుడంటే 1 అన్న పద్ధతిలో కుడి నుంచి ఎడమకు కూర్చిన తెలుగు పద్యం ఒకటి పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధం. వెనక నుంచి చదవాల్సిన అర్రే, అదీ చంపకమాలలో!

మొట్టమొదటి లూపు రాసినవారిగా పేరు పొందిందెవరో మీకు తెలుసా? అడా లవ్‌లేస్, 1843లో. బెర్నూలీ సంఖ్యల కోసం ఒకే వరుస లెక్కలను మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతి రాశారు. ఆ ప్రోగ్రాం నడవాల్సిన యంత్రాన్ని బాబేజ్ పూర్తి చేయనే లేదు. రథం లేకుండానే సారథ్యం నేర్పేశారు!

ఆగని లూపు కథ వినండి. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వాళ్ల ‘జూన్’ పాటల ప్లేయర్లు, 30 జీబీవి, ఎక్కడికక్కడ బిగుసుకుపోయాయి. అది లీపు సంవత్సరం, ఏడాదిలో 366వ రోజు. లోపల ఏళ్లు లెక్కపెట్టే వైల్ లూపుకు ఆ 366తో ఏం చేయాలో తోచక అక్కడే గిరగిరా తిరిగింది. మందు ఏమిటో మీకు తెలుసా? బ్యాటరీ అయిపోయేదాకా వదిలేసి, జనవరి 1న ఆన్ చేసుకోవడం. తెల్లారితే తగ్గే జ్వరం!

ఆగని లూపు పేరుతో ఒక వీధే ఉంది, మీకు తెలుసా? కాలిఫోర్నియాలో కుపర్టినో ఊళ్లో ఆపిల్ పాత ప్రధాన కార్యాలయం చిరునామా ‘1, ఇన్ఫినిట్ లూప్’. సిలికానాంధ్ర సంస్థ మొదటి అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనం 2008లో జరిపింది ఎక్కడో చెప్పండి? ఆ కుపర్టినోలోనే! పగలు లూపులు రాసే తెలుగువాళ్లు సాయంత్రం గజ్జెలు కట్టారు. ఆ తర్వాత అదే సంస్థ కూచిపూడి గ్రామాన్ని దత్తత తీసుకుని ఊళ్లో సంజీవని ఆసుపత్రి కట్టింది. ఇది చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

నాట్యంతోనే లూపులు నేర్పిన వాళ్లున్నారని మీకు తెలుసా? రొమేనియాలోని సపియెంటియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో పది మంది జానపద నర్తకులకు 0 నుంచి 9 దాకా అంకెలు తగిలించారు. పక్క పక్క వాళ్లు ఇద్దరేసి ఆడుతూ, పెద్ద అంకె కుడికి జరుగుతూ, ఆట అయ్యేసరికి వరుస సరిపోతుంది. అదే బబుల్ సార్ట్! పది మందికి గరిష్ఠంగా 45 పోలికలు. ఇది కూచిపూడి అడవులతో మన సిద్ధేంద్ర కళాపీఠం పిల్లలు ఆడితే చూడాలని నాకు మహా కోరిక. తకధిమి అంటూ 3, 7 చోట్లు మారితే చప్పట్లు ఆగుతాయా!

చివరికి మన రికార్డు. 2016 డిసెంబరులో విజయవాడలో ఒకేసారి 6,117 మంది కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు! ఒకరి తర్వాత ఒకరు పది నిమిషాల చొప్పున ఆడి ఉంటే 42 రోజులు దాటేది. అందరూ కలిసి ఆడితే ఆ పది నిమిషాలే. కంప్యూటర్ వాళ్లు సమాంతరం అని కోట్లు పోసి సాధించేది ఇదే!

సరే, ఆ 6,117 మందినీ ఎత్తు ప్రకారం నిలబెట్టాలనుకోండి. బబుల్ సార్ట్ పద్ధతిలో ఇద్దరిద్దరినీ పోల్చుకుంటూ వెళ్తే ఎన్ని పోలికలు పడతాయో మీకు తెలుసా? 1,87,05,786 దాకా! పోలికకు ఒక్క సెకను ఇచ్చినా, నిద్రాహారాలు మాని 216 రోజులు. అదే మెర్జ్ సార్ట్ పద్ధతిలో సగాలుగా విడగొట్టి కలుపుకుంటూ వస్తే 80 వేల పోలికలు కూడా పట్టవు, ఒక్క రోజులోపే వరుస సిద్ధం. మిగిలిన 215 రోజులూ హాయిగా నాట్యం చేసుకోవచ్చు!